ఆ పదకొండు సంఖ్యల అర్థం ఎక్కడ రాసి ఉంది?

అందరికీ నమస్కారం. వెనక వరుసల దాకా వినిపిస్తోందా? సరే, మొదలుపెడదాం.

తెర మీద ఒక లైను కనిపిస్తోంది చూడండి. ముందు 8, తర్వాత 0, తర్వాత ఎస్‌డీఏ అని డిస్కు పేరు, ఆ తర్వాత వరసగా సంఖ్యలు, కొన్ని చిన్నవి, కొన్ని పది అంకెల పొడవు, మధ్యలో ఖాళీ తప్ప ఇంకేమీ లేదు. ఏది దేని లెక్కో పైన రాసి లేదు. మిల్లీసెకన్లా, బైట్లా, రిక్వెస్టులా, ఏదీ లేదు. లైనక్స్‌లో ప్రోక్ అనే డైరెక్టరీ కింద డిస్క్‌స్టాట్స్ అని ఒక ఫైలు ఉంటుంది, అందులోంచి తీసిన ఒక్క లైను ఇది. మీలో చాలామంది ఈ ఫైలును నేరుగా తెరిచి ఉండరు, కానీ దీని లెక్కలు చూడనివాళ్లు ఇక్కడ ఎవరూ ఉండరనుకుంటా, ఎందుకంటే డిస్కు పనితీరు చూపించే ఐఓస్టాట్ కమాండ్ కొట్టినా, సార్ కొట్టినా, లెక్కలు సేకరించే ప్రొమీథియస్ నోడ్ ఎక్స్‌పోర్టర్ పెట్టి రంగురంగుల గ్రాఫులు గీసినా, అన్నీ చివరికి వచ్చి చదివేది ఈ లైన్లనే.

ఈరోజు నేను మాట్లాడాలనుకున్నది ఈ లైను గురించి, అంతకంటే ఎక్కువగా ఈ లైనుకు అర్థం చెప్పే పత్రం గురించి. కెర్నల్, అంటే లైనక్స్‌కి గుండెకాయ లాంటి ప్రోగ్రాం, దాని సోర్స్‌తో పాటే డాక్యుమెంటేషన్ అనే ఫోల్డర్ వస్తుంది, అందులో ఐఓస్టాట్స్ అని ఒక చిన్న ఫైలు ఉంది, కూర్చుంటే పదిహేను నిమిషాల్లో చదివేయొచ్చు. నేను సర్వర్ల పనిలోకి వచ్చిన ఆరేళ్ల దాకా చదవలేదు. చదివాక, అప్పటిదాకా రాత్రుళ్లు మేలుకుని పడ్డ టెన్షన్‌లో సగం ఆ పదిహేను నిమిషాల్లో తీరిపోయేదని అర్థమైంది. అందుకే నాకు ఈ విషయం మీద ఇంత పట్టుదల. సంఖ్య ఒక్కటే చేతికిచ్చి దాని అర్థం ఇవ్వకపోతే సగమే ఇచ్చినట్టు.

కొంచెం వెనక్కి వెళ్దాం. 2002 చివర్లో వచ్చిన 2.4.20, 2.5.45 కెర్నళ్లలో ఈ వివరమైన డిస్క్ లెక్కలు చేరాయి. 2.4లో అవి పార్టిషన్స్ అనే ఫైల్లోనే పక్కన కలిపి కనిపించేవి. 2.6 వచ్చాక డిస్క్‌స్టాట్స్ అని వేరే ఫైలు పెట్టారు, దాంతో పాటు సిస్ డైరెక్టరీ కింద ఒక్కో డిస్కుకి స్టాట్ అని ఒక్కో ఫైలు కూడా వచ్చింది. మరి ఒకే లెక్క రెండు చోట్ల ఎందుకు? దానికి కూడా ఆ పత్రంలో జవాబు ఉంది. చూడాల్సినవి రెండు మూడు డిస్కులే అయితే ఒక్కోదాని స్టాట్ ఫైలు చదువుకోండి, వందల డిస్కులున్న మెషీన్ అయితే ప్రతిసారీ 500 ఫైళ్లు తెరిచి మూసే ఖర్చు ఎందుకు, అన్నీ ఒకేచోట ఉన్న డిస్క్‌స్టాట్స్ చదువుకోండి అని. చదివేవాడు ఏం పనిలో ఉండి ఇక్కడికొచ్చాడో ఊహించి రాసిన మాట అది. ఆ పత్రం పైన "చివరిగా మార్చింది 2003 సెప్టెంబర్ 30" అన్న తేదీ చాలాకాలం అలాగే ఉండేది.

ఇప్పుడు ఆ లైనులో డిస్కు పేరు తర్వాత మొదట్నుంచీ ఉన్న పదకొండు సంఖ్యలు ఏమిటో గబగబా చెప్పేస్తాను. పేరు తర్వాత మొదటిది పూర్తయిన రీడ్‌లు. రెండోది కలిపేసిన రీడ్‌లు, అంటే మెర్జ్ అయినవి. మూడోది చదివిన సెక్టార్లు, సెక్టార్ అంటే డిస్కు మీద ఒక చిన్న ముక్క. నాలుగోది చదవడానికి పట్టిన మిల్లీసెకన్లు. ఐదు నుంచి ఎనిమిది దాకా ఇవే నాలుగు, రైట్‌లకి. తొమ్మిదోది ఈ క్షణాన డిస్కు దగ్గర ఇంకా పూర్తికాకుండా ఉన్న రిక్వెస్టులు. పదోది డిస్కు ఖాళీగా లేకుండా గడిపిన మిల్లీసెకన్లు. పదకొండోది బరువు వేసి లెక్కకట్టిన మిల్లీసెకన్లు, అంటే ఒకేసారి నాలుగు రిక్వెస్టులు పెండింగ్‌లో ఉంటే ఒక్క మిల్లీసెకను గడిచినా నాలుగు కలుస్తాయి.

ఇందులో తొమ్మిదోది ఒక్కటే పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. మిగతావన్నీ మెషీన్ బూట్ అయిన దగ్గర్నుంచీ పెరగడమే. మన ఇళ్లలో కరెంటు మీటర్ ఎలాగో ఇవీ అలాగే. మీటర్ మీద 18,240 అని ఉందనుకోండి, అది చూసి ఈ నెల బిల్లు ఎంతో ఎవరూ చెప్పలేరు, పోయిన నెల రీడింగ్ తీసివేస్తేనే ఈ నెల కాల్చింది తెలుస్తుంది. కాబట్టి డిస్క్‌స్టాట్స్ ఒక్కసారి చదివితే పెద్దగా ఉపయోగం లేదు. రెండుసార్లు చదవాలి, తీసివేయాలి, మధ్యలో గడిచిన కాలంతో భాగించాలి. ఐఓస్టాట్‌ను ఏ ఇంటర్వెల్ ఇవ్వకుండా కొడితే వచ్చే మొదటి రిపోర్టు బూట్ అయిన దగ్గర్నుంచీ సగటు. ఇది తెలియక, సర్వర్ ఇప్పుడు నెమ్మదిగా ఉంది అని ఫిర్యాదు వస్తే ఆ మొదటి రిపోర్టు చూసి "డిస్కు బాగానే ఉంది సార్" అని చెప్పేసినవాళ్లని నేను చాలామందిని చూశాను. మూడు నెలల సగటులో ఇప్పటి పది నిమిషాల బాధ ఎక్కడ కనిపిస్తుంది?

ఒక లెక్క చేద్దాం. పది సెకన్ల తేడాతో రెండుసార్లు చదివాం. పూర్తయిన రీడ్‌లలో తేడా 5,000. చదివిన సెక్టార్లలో తేడా 80,000. చదవడానికి పట్టిన మిల్లీసెకన్లలో తేడా 40,000. రైట్‌లు ఏమీ లేవనుకుందాం. సెకనుకి 500 రీడ్‌లు. ఒక్కో రీడ్‌కి సగటున 8 మిల్లీసెకన్లు. ఒక్కో రీడ్‌కి 16 సెక్టార్లు, అంటే 8 కేబీ. ఇక్కడ ఒక ప్రశ్న అడగండి: పది సెకన్లంటే 10,000 మిల్లీసెకన్లే కదా, మరి చదవడానికి 40,000 ఎలా పట్టాయి? ఎందుకంటే సగటున ఒకేసారి నాలుగు రీడ్‌లు నడుస్తున్నాయి, నలుగురు ఒక గంట పనిచేస్తే నాలుగు పనిగంటలు అయినట్టు. పదకొండో ఫీల్డులో తేడాని గడిచిన కాలంతో భాగించినా అదే నాలుగు రావాలి. సెకనుకి 500ను 0.008తో గుణించినా నాలుగే. మూడు దారుల్లో ఒకే జవాబు వస్తే మన స్క్రిప్టు సరిగ్గా ఉందని నమ్మకం కుదురుతుంది, రాకపోతే ఎక్కడో ఏదో ఫీల్డు తప్పు చదువుతున్నాం అన్నమాట.

16 సెక్టార్లంటే 8 కేబీ అన్నాను. సెక్టార్ అంటే ఇక్కడ ఎప్పుడూ 512 బైట్లే. డిస్కు లోపల అసలు సెక్టార్ 4,096 బైట్లు కావచ్చు, ఫైల్ సిస్టమ్ బ్లాక్ ఇంకేదో కావచ్చు, ఈ ఫైల్లో మాత్రం 512. డిస్కు సెక్టార్ సైజు 4,096 అని కనుక్కుని, చాలా జాగ్రత్తపడి దాంతో గుణించినవాడికి లెక్క ఎనిమిది రెట్లు ఎక్కువ వస్తుంది. చూడండి, జాగ్రత్తపడ్డవాడే దెబ్బతిన్నాడు. స్టాట్ ఫైలు గురించి రాసిన బ్లాక్ స్టాట్ అనే ఇంకో పత్రంలో ఇవి మామూలు యూనిక్స్ 512 బైట్ల సెక్టార్లు, డివైస్‌కి గానీ ఫైల్ సిస్టమ్‌కి గానీ సంబంధించిన సైజు కాదు అని స్పష్టంగా రాశారు. ఆ ఒక్క వాక్యం ఎంతమందిని కాపాడి ఉంటుందో.

ఇప్పుడు నాకు జరిగింది చెప్తాను. అప్పుడు పనిచేసిన సంస్థ పేరు అనవసరం. ఒక డేటాబేస్ సర్వర్, దాని డిస్కు రైట్ లేటెన్సీ మీద, అంటే ఒక్కో రైట్‌కి పట్టే కాలం మీద అలారం పెట్టాం. ఉన్నట్టుండి ఒకరోజు రాత్రి రెండింటికి అలారం మోగింది, లేటెన్సీ నమ్మలేనన్ని కోట్ల మిల్లీసెకన్లు అని. లేచి చూసేసరికి అంతా మామూలే. సరే ఏదో తాత్కాలికం అనుకున్నాం. మర్నాటి మర్నాడు పొద్దున మళ్లీ. అటు తర్వాత ఒకటిన్నర రోజుకి అటూ ఇటూగా మోగుతూనే ఉంది, ఒక్క నిమిషం మోగి ఆగిపోతుంది. డిస్కు చెడిపోతోందని అందరం తేల్చేశాం. మెషీన్ ఆపి, డిస్కు మార్చి, మళ్లీ బూట్ చేశాం. ఆ రోజంతా అలారం లేదు. హమ్మయ్య అనుకుని పడుకున్నాం, తర్వాత రోజు సాయంత్రం మళ్లీ మోగింది. కేబుల్ మార్చాం, కంట్రోలర్ మార్చాం. మార్చిన ప్రతిసారీ ఒక రోజు నిశ్శబ్దం, ఆ నిశ్శబ్దం చూసి మార్చినదే కారణం అని నమ్మకం, ఆ మర్నాడు మళ్లీ అదే.

కారణం ఈ పత్రంలో రాసి ఉంది. ఎనిమిదో ఫీల్డు, అంటే రాయడానికి పట్టిన మిల్లీసెకన్లు, 32 బిట్ల సంఖ్య. సుమారు 429 కోట్ల 49 లక్షల దాకా పెరిగి మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. పాత తిరిగే చక్రాల కరెంటు మీటర్లు 99999 తర్వాత 00000 అయినట్టు. 64 బిట్ల మెషీన్‌లో కూడా ఈ కాలం ఫీల్డులు 32 బిట్లే, మిగతా కొన్ని ఫీల్డులు 64. 429 కోట్ల మిల్లీసెకన్లంటే 49.7 రోజులు. ఈ 49.7 రోజుల సంగతి నాకు ముందే తెలుసు, కానీ మా అలారం ఒకటిన్నర రోజుకే కదా మోగుతోంది, అందుకే దీన్ని అనుమానించలేదు. ఇందాక లెక్క గుర్తు తెచ్చుకోండి. ఈ ఫీల్డులో కలిసేది గోడ గడియారం కాలం కాదు, రిక్వెస్టులన్నీ విడివిడిగా ఎదురుచూసిన కాలం మొత్తం. సగటున 40 రైట్‌లు ఒకేసారి నడిచే సర్వర్ అయితే 49.7 రోజులను 40తో భాగించాలి, సుమారు 30 గంటలు. లోడ్ కాస్త తగ్గినప్పుడు ఒకటిన్నర రోజు. బూట్ చేస్తే లెక్క సున్నా నుంచి మొదలు, అందుకే మార్చిన ప్రతిసారీ ఒక రోజు ప్రశాంతత. మా స్క్రిప్టు కొత్త రీడింగ్‌లోంచి పాత రీడింగ్ తీసివేసినప్పుడు వచ్చిన మైనస్ సంఖ్యను, గుర్తు లేని 64 బిట్ల సంఖ్యగా పట్టుకుని గ్రాఫులో పెట్టేసింది. బాగున్న డిస్కును పీకేశాం. మూడు వారాలు, నలుగురు మనుషులు. ఆ పత్రంలో ఏముందో తెలుసా? ప్రతి ఫీల్డు పక్కన అది ఏ రకం సంఖ్యో రాసి ఉంది, ఇవి నిండి మళ్లీ సున్నాకి రావచ్చు, అప్లికేషన్లు దానికి సిద్ధంగా ఉండాలి అని కూడా రాసి ఉంది. రాసినవాళ్లు తమ పని చేశారు. మా స్క్రిప్టు రాసినవాళ్లు ఆ వాక్యాన్ని తమ పత్రంలోకి తెచ్చుకోలేదు, అసలు మాకు పత్రమే లేదు.

మెర్జ్ గురించి ఒక మాట. పక్కపక్కన ఉన్న సెక్టార్లకి రెండు రిక్వెస్టులు వస్తే కెర్నల్ వాటిని ఒకటిగా కలిపి డిస్కుకి పంపిస్తుంది. ఇంట్లో ఒక్కో సరుక్కి ఒక్కోసారి పిల్లాడిని కొట్టుకి పంపకుండా, అన్నీ చీటీ మీద రాసి ఒక్కసారే పంపినట్టు. బాగానే ఉంది, కానీ లెక్క కలపకముందు వేశామా కలిపాక వేశామా అన్నది తేల్చుకోవాలి. 2.6 తొలి రోజుల్లో పార్టిషన్లకి, అంటే ఒకే డిస్కుని విడగొట్టిన భాగాలకి, ఈ పదకొండు ఫీల్డులు ఉండేవి కావు, నాలుగే ఉండేవి. పైగా పార్టిషన్ లెక్క కలపకముందు వేసేవారు, మొత్తం డిస్కు లెక్క కలిపాక వేసేవారు. కాబట్టి పార్టిషన్ల రీడ్‌లన్నీ కూడితే డిస్కు రీడ్‌ల కంటే ఎక్కువ వచ్చేవి. ఇది తెలియనివాడు ఎంత జుట్టు పీక్కున్నా కారణం దొరకదు. 2008లో వచ్చిన 2.6.25లో దీన్ని సరిచేసి పార్టిషన్లకి మళ్లీ పూర్తి లెక్కలు ఇచ్చారు. అప్పుడు కూడా పత్రంలో ఒక నిజాయితీ గల మాట చేర్చారు: రిక్వెస్టులు కలిశాక మొదటి సెక్టార్ ఏ పార్టిషన్‌లో ఉంటే ఆ పార్టిషన్ ఖాతాలో వేస్తాం, రెండు పార్టిషన్ల సరిహద్దు మీద కలిస్తే కొంచెం తేడా రావచ్చు, బహుశా పట్టించుకోవక్కర్లేనంత అని.

ఇలాంటి వాక్యాలంటే నాకు చాలా గౌరవం. ఇంకోచోట ఇలాగే, ఈ లెక్కలు మార్చేటప్పుడు తాళాలు వేయం, వేస్తే వేగం తగ్గుతుంది, అందుకని పార్టిషన్ల మొత్తం డిస్కు మొత్తానికి చాలా దగ్గరగా ఉంటుందే గానీ అచ్చంగా సమానం కాకపోవచ్చు అని రాశారు. మనం రాసే డాక్యుమెంట్లలో ఇలాంటివి ఎందుకుండవు? మన సాఫ్ట్‌వేర్ లెక్కలో లోటు ఉందని ఒప్పుకుంటే ఎవరో ఏదో అంటారని భయం. లోటు రాసి ఉన్న లెక్కనే నేను ఎక్కువ నమ్ముతాను.

ఇక యుటిల్ శాతం. ఇది కాస్త నిదానంగా చెప్పుకోవాలి, ఎందుకంటే ఈ ఒక్క సంఖ్య వల్ల అనవసరంగా కొన్న డిస్కులకి లెక్కలేదు. పదో ఫీల్డులో తేడాని గడిచిన కాలంతో భాగిస్తే వచ్చేది యుటిల్. 100 శాతం అంటే డిస్కు ఇంక చేయలేదు, నిండిపోయింది అని అందరూ అనుకుంటారు. పదో ఫీల్డు చెప్పేది ఏమిటంటే, కనీసం ఒక్క రిక్వెస్టయినా పెండింగ్‌లో ఉన్న కాలం ఎంత అని మాత్రమే. రైల్వే స్టేషన్‌లో ఒకే టికెట్ కిటికీ ఉందనుకోండి, గంటసేపు ఆ కిటికీ దగ్గర మనిషి లేని క్షణమే లేదంటే ఆ కిటికీ నిండినట్టే. అదే ముప్పై రెండు కిటికీలున్న స్టేషన్‌లో, గంటంతా ఏదో ఒక కిటికీ దగ్గర ఎవరో ఒకరు ఉన్నారంటే ఏం తెలిసింది? ముప్పై ఒకటి ఖాళీగా ఉండి ఉండొచ్చు. పాత హార్డ్ డిస్కు ఒకే కిటికీ లాంటిది. 7,200 ఆర్‌పీఎం డిస్కు ఒక్క చుట్టు తిరగడానికి 8.33 మిల్లీసెకన్లు, కావాల్సిన చోటు తల కిందికి రావడానికే సగటున నాలుగు మిల్లీసెకన్ల పైన పడుతుంది, ఆ తల ఒక్కచోటే ఉండగలదు. ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ, అంటే తిరిగే భాగాలు లేకుండా చిప్పులతో చేసిన కొత్త రకం డిస్కు, అలా కాదు, లోపల చాలా చిప్పులు పక్కపక్కన పనిచేస్తాయి. ఎన్‌వీఎంఈ స్పెసిఫికేషన్ ప్రకారం క్యూలే, అంటే రిక్వెస్టులు నిలబడే వరసలే, 65,535 దాకా ఉండొచ్చు. అలాంటి డిస్కు 100 శాతం యుటిల్ దగ్గర ఉండి కూడా ఇంకా ఎన్నో రెట్లు పని చేయగలదు.

ఐఓస్టాట్ మాన్యువల్ పేజీలో ఇది రాసి ఉంది. వరుసగా ఒకదాని తర్వాత ఒకటి పనిచేసే డివైస్‌లకే 100 దగ్గరికి రావడం నిండినట్టు లెక్క, రెయిడ్‌లు, అంటే చాలా డిస్కులు కలిపి ఒకటిగా వాడేవి, కొత్త ఎస్‌ఎస్‌డీల లాంటి వాటికి ఇది పరిమితిని చూపించదు అని. అదే మాన్యువల్‌లో ఎస్‌వీసీటీఎం అనే ఇంకో కాలమ్ ఉండేది, దాన్ని నమ్మకండి, రాబోయే వెర్షన్లలో తీసేస్తాం అని కొన్నేళ్లు హెచ్చరిక పెట్టి, తర్వాత నిజంగానే తీసేశారు. తమ పనిముట్టు చూపించే సంఖ్యను నమ్మొద్దని తామే రాయడం అంటే వాడేవాడి మీద ఎంత శ్రద్ధ ఉండాలి!

అసలు పదో ఫీల్డు కథ ఇంకా ఉంది. ప్రతి రిక్వెస్టు మొదలైనప్పుడూ అయిపోయినప్పుడూ ఇంకా ఏమైనా పెండింగ్ ఉన్నాయా అని చూడాలంటే అన్ని సీపీయూల లెక్కలూ కూడాలి. సెకనుకి లక్షల రిక్వెస్టులు చేసే డిస్కులొచ్చాక ఆ కూడిక భారమైపోయింది. అందుకని 2019 మార్చిలో వచ్చిన 5.0 కెర్నల్‌లో ఉజ్జాయింపు పద్ధతికి మారారు. టిక్కు అంటే కెర్నల్ గడియారం వేసే ఒక్క అడుగు. రిక్వెస్టు మొదలైన టిక్కు, అయిపోయిన టిక్కు, అవి మాత్రమే లెక్కలో కలుస్తాయి. టిక్కు కంటే చిన్న రిక్వెస్టులకి ఇది బాగానే సరిపోతుంది. కానీ నెమ్మదిగా ఉండే హార్డ్ డిస్కు, ఒక్క రిక్వెస్టు 12 మిల్లీసెకన్లు తీసుకుంటుంది, మొదటి టిక్కూ చివరి టిక్కూ తప్ప మధ్యలోది అంతా మాయం. ఊపిరాడకుండా పనిచేస్తున్న డిస్కు గ్రాఫులో తీరిగ్గా ఉన్నట్టు కనిపించింది. కెర్నల్ అప్‌గ్రేడ్ చేయగానే డిస్కు యుటిల్ తగ్గిపోయిందని సంతోషపడ్డవాళ్లు ఉండే ఉంటారు. 2020లో 5.7లో దీన్ని సరిదిద్దారు, రిక్వెస్టు అయిపోయినప్పుడు పోయినసారి లెక్క వేసినప్పటి నుంచీ గడిచిన టిక్కులన్నీ కలిపేలా. ఇంకా కొంత ఉజ్జాయింపు మిగిలే ఉంది, ఒకేసారి చాలా రిక్వెస్టులు నడుస్తూ అవి రెండు టిక్కుల కంటే ఎక్కువసేపు పడితే కొంత కాలం లెక్కలోకి రాకపోవచ్చు, 5.0 నుంచీ ఇలా ఉందని పత్రంలో ఇప్పుడు రాసి ఉంది. నా ఫిర్యాదు ఒక్కటే, పత్రంలోకి ఆ మాట కోడ్‌తో పాటే 5.0లోనే వచ్చి ఉండాల్సింది. సంఖ్య పేరు మారలేదు, స్థానం మారలేదు, అర్థం మాత్రం మారింది. వాడేవాడికి ఇంతకంటే కష్టమైన మార్పు లేదు, ఎందుకంటే ఏదీ విరిగిపోదు, ఎర్రర్ రాదు.

ఇంకో చిన్న ఉదాహరణ. నాలుగో ఫీల్డు ఏ ఫంక్షన్ నుంచి ఏ ఫంక్షన్ దాకా కొలుస్తుందో పత్రంలో పేర్లతో సహా రాశారు, చాలా మంచి పని. కానీ ఆ ఫంక్షన్లు కోడ్‌లోంచి పోయిన తర్వాత కూడా చాలా ఏళ్లు పాత పేర్లే పత్రంలో ఉండిపోయాయి, తర్వాతెప్పుడో సరిచేశారు. పేరు పట్టుకుని కోడ్‌లో వెతికినవాడికి ఏమీ దొరికేది కాదు. పత్రం కూడా కోడ్ లాంటిదే, ఊరికే వదిలేస్తే పాడవుతుంది.

కొత్త ఫీల్డులు త్వరగా చెప్పేస్తాను. 2018లో డిస్కార్డ్‌ల కోసం నాలుగు చేరాయి, డిస్కార్డ్ అంటే ఈ బ్లాకులు ఇక నాకక్కర్లేదు అని ఎస్‌ఎస్‌డీకి చెప్పడం. 2020లో 5.5లో ఫ్లష్‌ల కోసం రెండు, ఫ్లష్ అంటే నీ కాషెలో ఉన్నది ఇప్పుడే పక్కాగా రాసేయి అని డిస్కుకి చెప్పడం. అలా లైనులో మొదటి రెండు సంఖ్యలు, డిస్కు పేరు, ఆ పదకొండు ఫీల్డులు కలిపి మొత్తం 14 ఉండేవి 18 అయ్యాయి, తర్వాత 20. కొత్తవన్నీ చివర్లోనే చేర్చారు కాబట్టి ముందు నుంచి లెక్కపెట్టే స్క్రిప్టులకి ఏమీ కాలేదు. లైనులో సరిగ్గా 14 ఉంటేనే చదువుతాను అని రాసినవీ, చివరి నుంచి వెనక్కి లెక్కపెట్టినవీ పడిపోయాయి. మీరు స్క్రిప్టు రాస్తే కనీసం 14 అని చూడండి, సరిగ్గా 14 అని చూడకండి.

అన్ని లైన్లూ కూడేసి మొత్తం డిస్క్ ట్రాఫిక్ అని వేసేవాళ్లకి ఒక విన్నపం. ఎల్‌వీఎం, అంటే పార్టిషన్ల మీద ఊహా డిస్కులు కట్టే పద్ధతి, వాడుతున్న మెషీన్‌లో ఒకే రైట్ ఆ ఊహా డిస్కుకి ఉండే డీఎం లైనులో కనిపిస్తుంది, పార్టిషన్ లైనులో కనిపిస్తుంది, డిస్కు లైనులోనూ కనిపిస్తుంది. ఒకటి మూడయింది.

ఇంకొకటి, ఈ ఫైలు ఏం చూడదో కూడా తెలిసి ఉండాలి. మీ ప్రోగ్రాం ఫైల్లోకి రాసిందంటే అది ముందు మెమరీలో పేజ్ కాషెలోకి వెళ్తుంది, డిస్కుకి తర్వాత ఎప్పుడో వెళ్తుంది. చదివినది కాషెలోనే దొరికితే డిస్క్‌స్టాట్స్‌లో ఒక్క అంకె కూడా కదలదు. కాబట్టి ప్రోగ్రాం లెక్క, డిస్కు లెక్క సరిపోలకపోతే కంగారు పడొద్దు. ప్రాసెస్ వారీగా కావాలంటే ప్రోక్ కింద ఆ ప్రాసెస్ నంబర్ డైరెక్టరీలో ఐఓ అని ఫైలు ఉంటుంది, అందులో ప్రోగ్రాం అడిగింది ఎంత, అసలు డిస్కు దాకా వెళ్లింది ఎంత అని వేర్వేరుగా ఉంటాయి. డిస్కు వల్ల పనులు ఎంతసేపు ఆగిపోయాయో నేరుగా తెలియాలంటే 4.20 నుంచీ ప్రోక్ కింద ప్రెషర్ అనే డైరెక్టరీలో ఐఓ ఫైలు ఉంది. యుటిల్ చూసి డిస్కు కొనే ముందు దాన్ని చూడండి. నా అభిప్రాయంలో మామూలు సర్వర్ పనికి అదే ఎక్కువ నిజం చెప్తుంది.

మా టీమ్‌లో ఇప్పుడు ఏం చేస్తున్నామో చెప్తాను. డాష్‌బోర్డులో గ్రాఫు పెట్టాలంటే దాని కింద నాలుగు మాటలు రాయకుండా పెట్టనివ్వం. ఇది ఏ ఫైల్లో ఎన్నో ఫీల్డు నుంచి వచ్చింది. యూనిట్ ఏమిటి. ఎప్పుడు సున్నా అవుతుంది, అంటే బూట్ అయితేనా, నిండితేనా, డిస్కు పీకి మళ్లీ పెడితేనా. నాలుగోది, నాకు ముఖ్యమైనది, ఈ గ్రాఫు చూసి ఏ నిర్ణయం తీసుకోకూడదు. యుటిల్ గ్రాఫు కింద మేం రాసుకున్నది ఇలా ఉంటుంది: ఇది 100 ఉన్నంత మాత్రాన ఎస్‌ఎస్‌డీ నిండినట్టు కాదు, పక్కనున్న లేటెన్సీ, క్యూ పొడవు చూడండి, అవి మామూలుగా ఉంటే వెళ్లి పడుకోండి. కొత్తగా చేరిన ఒక కుర్రాడు రాత్రి డ్యూటీలో అది చదివి ఎవరినీ లేపకుండా పొద్దున దాకా ఆగి చెప్పాడు. మొదట్లో అందరూ విసుక్కున్నారు, ఎవరు చదువుతారు ఇవన్నీ అని. ఎవరూ చదవకపోయినా పర్వాలేదు, అలారం మోగిన రాత్రి ఆ మోగినదాని కింద ఉంటే ఆ ఒక్కడు చదువుతాడు.

ప్రశ్నలున్నాయా? ఆ, చెప్పమ్మా. పత్రంలో తప్పు కనిపిస్తే మనలాంటివాళ్లు సరిచేయొచ్చా అని అడుగుతున్నారు. తప్పకుండా. కెర్నల్ పత్రాలు కూడా కోడ్ లాగే ప్యాచ్‌గా, అంటే మార్చిన లైన్లు మాత్రమే చూపించే ఫైలుగా పంపుతారు, కింద సైన్డ్ ఆఫ్ బై అని మీ పేరుతో లైను ఉండాలి, ఎవరికి పంపాలో చెప్పడానికి సోర్స్‌లోనే గెట్ మెయిన్‌టైనర్ అనే స్క్రిప్టు ఉంది. ముందు కోడ్ చదివి, మీరు రాసేది నిజమేనని మీ మెషీన్‌లో చూసుకుని పంపండి. కాలేజీలో ఉన్నవాళ్లకి కెర్నల్‌లోకి అడుగుపెట్టడానికి ఇంతకంటే మంచి దారి నాకు తెలీదు, ఎందుకంటే ఒక్క వాక్యం సరిచేయాలన్నా మూడు ఫంక్షన్లు చదవాల్సి వస్తుంది. అదే డాక్యుమెంటేషన్ ఫోల్డర్‌లో ట్రాన్స్‌లేషన్స్ అని ఉంది, చైనీస్, జపనీస్, కొరియన్, ఇటాలియన్, స్పానిష్ ఉన్నాయి. తెలుగు లేదు. ఈ ఐఓస్టాట్స్ పత్రం చిన్నది, మొదలుపెట్టడానికి అనువైనది, ఎవరికైనా ఆసక్తి ఉంటే మీటింగ్ అయ్యాక నా దగ్గరికి రండి, కలిసి కూర్చుందాం.

ఇంకొకరు, అక్కడ చివర్లో. కంటైనర్, అంటే ఒకే మెషీన్‌లో ప్రోగ్రాంను విడిగా నడిపే గది లాంటిది, దాని లోపల డిస్క్‌స్టాట్స్ చూస్తే ఆ కంటైనర్ లెక్కలే వస్తాయా? రావు. హోస్ట్ మెషీన్ డిస్కుల లెక్కలే వస్తాయి, పక్క కంటైనర్లు చేసిన గోల అంతా కలిపి. మీ కంటైనర్ ఒక్కదానికే కావాలంటే ప్రాసెస్‌లను గుంపులుగా లెక్కకట్టే సీగ్రూప్ రెండో వెర్షన్‌లో ఐఓ స్టాట్ అనే ఫైలు చూడాలి, అందులో ప్రతి డివైస్‌కి చదివిన బైట్లు, రాసిన బైట్లు, ఎన్ని రీడ్‌లు, ఎన్ని రైట్‌లు అని పేర్లతో సహా ఉంటాయి. ఇక్కడ సెక్టార్లు లేవు, నేరుగా బైట్లే, ప్రతి సంఖ్యకి ముందు దాని పేరు ఉంది. ఒకసారి రెండు ఫైళ్లూ పక్కపక్కన తెరిచి చూద్దాం. లాప్‌టాప్‌లు తెచ్చుకున్నవాళ్లు తీయండి.